కోతులకు భయపడి బిగించిన రేకులు

కారేపల్లి రోడ్డు మీద రేకుల షాపు ముందు బండి ఆపి హారన్ కొడితే, లోపలి నుంచి ముందు దగ్గు వస్తుంది, దాని వెనక తిట్టు వస్తుంది, ఆ వెనక అంతోనమ్మ వస్తుంది. ఎత్తు తక్కువ, గొంతు ఎక్కువ. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే దానికి రాగి తీగ చుట్టి పెట్టుకుంది. కొత్తవి కొనిస్తామంటే, "ఇవి నా ముక్కుకు అలవాటైనయి" అంటుంది, ముక్కు వెళ్లి ఆమెతో చెప్పుకున్నట్టు.

షాపు పెట్టింది ఆమె భర్త ఇన్నయ్య. ఆయన బతికున్నన్నాళ్లూ అంతోనమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టేది. ఆయన పోయాక కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి, వచ్చి రేకుల మిషన్ దగ్గర నిలబడింది. ఆ మిషన్‌కు ఒక చివర చాపచుట్టలా చుట్టిన రేకు, అంటే కాయిల్, పెడతారు. అది వరసగా ఉన్న రోలర్ల మధ్య నడుస్తూ, ఒక్కో జత దగ్గర కొంచెం కొంచెం వంగుతూ, కావలసిన మడతలతో అవతలి చివర బయటికొస్తుంది. మనవరాలు ఏంజెల్ స్విచ్ వేస్తుంది. అంతోనమ్మ వచ్చే రేకు పక్కన వంగి, ఒక కన్ను మూసి, దాని వీపు మీద వెలుగు ఎలా జారుతుందో చూస్తుంది. వెలుగు తిన్నగా జారితే రేకు మంచిది. వణికితే చెయ్యెత్తి మిషన్ ఆపిస్తుంది.

ఎందుకు వణుకుతుందో ఆమెకు చీరలే నేర్పాయి. ఫాల్ గుడ్డను ముందుగా నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోతుంది. చీర కుంచించుకోదు. అంచంతా ముడతలు పడుతుంది. రేకూ అంతే. రోలర్లు అంచును మరీ నొక్కితే అంచు సాగుతుంది, నడుమ సాగదు. పెరిగిన పొడవుకు తావు దొరక్క అది అలలాగా పైకి లేస్తుంది. అందుకే రోలర్ల మధ్య సందు సరిచూడనిదే ఆమె పొద్దున టీ తాగదు. టీ ఆలస్యమైతే షాపులో ఎవరూ ఆమె కంటపడరు.

టేకులపల్లి దాటాక అడవి అంచున ఒక పల్లెలో పునీత అంతోనివారి చర్చి ఉంది. దాని పాత పెంకులు తీసేసి రేకులు వేయాలని ఫాదర్ జస్టిన్ షాపుకొచ్చి, ఫోనులో ఒక ఫొటో చూపించాడు. గీతల్లేని, పలకలాంటి నున్నటి నీలం రేకులవి. అంచులు ఒకదానిలో ఒకటి మడిచి కలిపారు.

"ఇట్లాంటివి చేయగలరా అమ్మా?"

"మా మిషన్ మీద రానిదేముంది ఫాదర్?"

మామూలు రేకుకు గట్లుగట్లుగా గీతలుంటాయి. చిన్నాచితకా వంకరలు వాటి చాటున దాక్కుంటాయి. నున్నటి రేకుకు ఆ చాటు లేదు, పైగా నిగనిగలాడే రంగు ఉన్న వంకరనంతా ఊరికి చూపిస్తుంది. ఇదంతా తెలిసే అంతోనమ్మ ఒప్పుకుంది. ఆ పునీతుడి పేరే ఆమె పేరు. జూన్‌లో వచ్చే ఆయన పండుగకు, ఆయన నెత్తిన తన చేతి రేకు ఉండాలని ఆమె పట్టు.

రేకులు బాగానే వచ్చాయి. బిగించడానికి మేస్త్రీ బొజ్జయ్య తన మనుషులతో పైకెక్కాడు. ఆ పల్లెలో మనుషులకన్నా కోతులు ఎక్కువ. అంతోనమ్మ కింద నిలబడి ఒకటే అరుపు.

"పైన బిగించు, కింద గూడ బిగించు! మందంతా ఎక్కి దుంకినా లేవద్దు!"

"నడుమ రేకును పట్టుకొని అటిటు జారనిచ్చే క్లిప్పులు పెట్టినం గద పెద్దమ్మా. కింద స్క్రూలు ఎందుకు?"

"మొన్న నీ ఇంటి పెంకులు ఎవరు పీకిండ్రు?"

"కోతులే."

"మరింకేంది? బిగించు."

బొజ్జయ్య బిగించాడు. సాయంత్రం కప్పు గాలి లేనప్పటి చెరువు నీళ్లలా ఉంది. అంతోనమ్మ ఇంటికొచ్చి రెండు గ్లాసుల టీ తాగింది.

మర్నాడు మధ్యాహ్నం ఫాదర్ ఫోను చేశాడు. కప్పు నిండా అలలు లేచాయట. చర్చి కమిటీ పెద్ద పోతయ్య పక్కనుంచి అరవడం ఫోనులో వినపడుతూనే ఉంది. "పండుగ లోపల మంచిగ చేస్తవా, లేకుంటే పీకించి ఖమ్మం నుంచి గీతల రేకులు తెప్పియ్యాల్నా?"

షాపు నుంచి వెళ్లిన రేకు తిరిగొచ్చిందన్న మాట ఇన్నయ్య రోజుల నుంచీ లేదు. అంతోనమ్మ కంచం పక్కకు నెట్టి మిషన్ దగ్గరికి నడిచింది. ముందు కాయిల్‌ను తిట్టింది, తర్వాత రోలర్లను తిట్టింది, ఏంజెల్ ఎదురుగా ఉంది కాబట్టి ఆమెనూ తిట్టింది. మిగిలిన రేకును నేల మీద పరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి పట్టి చూసింది. దారానికీ రేకుకూ మధ్య చీమ దూరే సందు లేదు.

"ఇంట్ల ఉన్నప్పుడు మంచిగనే ఉన్నది నాయ్నమ్మా," అంది ఏంజెల్. "అత్తగారింటికి పోయినంకనే గిట్ల తయారైంది."

"అయితే అత్తగారింట్ల ఏం చేసిండ్రో చూసొద్దాం పా."

పొద్దున్నే వెళ్లారు. చర్చి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టుకుని అంతోనమ్మ కూర్చుంది. ప్రహరీగోడ మీద కోతులు కూర్చున్నాయి. ఆమె చూపూ, వాటి చూపూ కప్పు మీదే. అలలు లేవు. ఫాదర్ కళ్లు నులుముకున్నాడు.

"నిన్న ఉన్నాయమ్మా, నేను చూశాను."

"ఉంటయి ఫాదర్. తొందరేముంది?"

ఎండ ముదిరింది. కప్పులో ఎక్కడో 'టప్' మంది. కాసేపటికి మరో 'టప్'. నున్నటి నీలం మీద ఒక అల లేచింది, దాని పక్కన ఇంకోటి. అంతోనమ్మ గొడుగు మూసింది.

"బొజ్జయ్యా, ఆ చివరి రేకుకు కింద స్క్రూలు ఇప్పు."

ఆఖరి స్క్రూ ఊడగానే రేకు పెద్ద చప్పుడు చేసి గోరంత కిందికి జారింది. దాని మీది అలలు ఎవరో చేత్తో నిమిరినట్టు పోయాయి. పక్క రేకులు మాత్రం అలాగే ఉబ్బి ఉన్నాయి.

"ఎండకు ఇనుము సాగుతది," అంది అంతోనమ్మ, గొంతు తగ్గించి. "సాగి యాడికి పోవాలె? పైన పట్టుకున్నది నేనే, కింద పట్టుకున్నది నేనే."

"ఫాల్ నానబెట్టకుండ కుట్టినవన్నట్టు," అంది ఏంజెల్.

అందరూ తిట్టు కోసం ఎదురుచూశారు. అంతోనమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. "అవ్, కుట్టిన. ఊరందరికి చెప్పి చెప్పి, నేనే కుట్టిన." తరువాత తనే నవ్వేసింది.

పోతయ్య మాత్రం నవ్వలేదు. "స్క్రూలు తీస్తే కోతులు ఊకుంటయా?"

అంతోనమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "మీ ఇంటామె చీర కుచ్చిళ్లు బొడ్డుకు కుట్టుకుంటదా, దోపుకుంటదా?"

"దోపుకుంటది."

"ఎన్నడన్న ఊడినయా?"

పోతయ్య పక్కకు తప్పుకుని నిచ్చెనకు దారి ఇచ్చాడు. అంతోనమ్మ చూరు పొడవునా ఒక ఇనుప పట్టీ కొట్టించింది. రేకు కింది అంచును ఆ పట్టీ కిందికి మడిచి దోపించింది, లోపల సాగడానికి కొంత చోటు వదిలి. స్క్రూలు పడ్డ చిల్లులన్నీ మడతలోకి పోయాయి. పైన మాత్రం గట్టి పట్టు ఉంచింది. దోపిన అంచును కోతి ఎత్తలేదు, ఎండ జరపగలదు. పనిలో పనిగా రేకుల కిందున్న అడ్డపైపులకు దారం పట్టి చూస్తే నడుమది కాస్త ఎత్తుగా తేలింది. రేకులు దింపించి దాన్నీ సమం చేయించింది.

మళ్లీ ఎక్కించేటప్పుడు ఆమె అరుపు అడవి దాకా పోయింది. "పీనుగను మోసినట్టు పండబెట్టి మోస్తరేందిరా? నడుమ వంగుతది! అంచు మీద నిలబెట్టి తేర్రి!"

ఒక రేకు అప్పటికే వంగింది. దాని మీద పొద్దువాలే వేళ పల్చటి అల ఒకటి కనిపిస్తుంది. పోతయ్య చూడకముందే అంతోనమ్మ అతన్ని పిలిచి, వేలు పెట్టి చూపించింది. "ఇది పోదు. నున్నటి రేకుకు ఈపాటి ఉంటది. ఇంకోసారి వేసుకుంటే మందమున్న రేకు తీసుకోర్రి, మెరవని రంగు తీసుకోర్రి. మీరు అడగకపోయినా చెప్పాల్సింది, చెప్పలే." పోతయ్య తల వంచి చూసి, తల ఎత్తి చూసి, "ఉండనియ్‌" అన్నాడు.

పండుగనాడు పూజ మధ్యాహ్నం దాకా సాగింది. ఫాదర్ ప్రసంగం చెబుతున్నాడు. అంతోనమ్మ ముందు వరసలో తల పైకెత్తి కూర్చుంది. భక్తి అనుకుని పక్కావిడ తనూ పైకి చూసింది. ఎండ నడినెత్తికొచ్చింది. 'టప్' లేదు. చెట్టు మీది నుంచి పెద్ద కోతొకటి కప్పు మీదికి దూకి, ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తి, చూరు దగ్గర కూర్చుని అంచు పట్టి గుంజింది. రెండుసార్లు గుంజిన చప్పుడు లోపలికి వినిపించింది. విసుగొచ్చి వెళ్లిపోయింది.

ఫాదర్ సరిగ్గా అప్పుడే ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"గట్ల!" అంది అంతోనమ్మ, గట్టిగా.

ఫాదర్ ఒక్క క్షణం పైకి చూసి, "ఆమెన్" అన్నాడు. జనమంతా "ఆమెన్" అన్నారు. అందరికన్నా పెద్దగా అన్నవాడు పోతయ్య.