గోడను తన్ని ముందుకు

ఆలూరు పక్కన మా పొలంలోని రాతిబావిలో ఈత నేర్చుకున్నదాన్ని నేను. మునిగితే గోడను కాలితో తన్ని పైకి రావాలన్నదే మా నాన్న నేర్పిన మొదటి పాఠం. నలభై దాటాక, ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తూ, ఆదివారాలు కడపలో స్విమ్మింగ్ పూల్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. ఈత వచ్చనే ధీమా గట్టిగానే ఉండేది. చిక్కంతా గోడ దగ్గర వచ్చింది.

ఆడవాళ్లకు నేర్పే కోచ్ నాకంటే చిన్నది. ఒక ఉదయం నన్ను ఆపింది.

“అక్కా, గోడను తన్ని యాడికి పోతాండావు?”

“ముందుకే కదా.”

“ముందుకు కాదు, ఆకాశానికి పోతాండావు. చూడు” అంటూ ఫోన్‌లో తీసిన వీడియో చూపించింది.

నిజమే. మలుపు తిరగ్గానే పాదాలు బాగా కిందుగా ఆనుతున్నాయి, తల పైకి లేస్తోంది. తన్నిన బలమంతా నన్ను పైకే తోస్తోంది. బావిలో ప్రాణం కాపాడిన అలవాటు ఇక్కడ వేగాన్ని తినేస్తోంది. నాకు నవ్వొచ్చింది. తప్పేదో కంటికి కనిపించింది కాబట్టి దిద్దుకోగలనని అప్పుడే నమ్మకం కుదిరింది.

కొన్నాళ్లు ఈదడం పక్కన పెట్టాను. పాదాలు నడుము ఎత్తులో గోడకు ఆనించి, చేతులు తలకు ముందు ఒకదాని మీద ఒకటి చాచి, తన్ని ఊరికే జారిపోవడమే పని.

“తన్నినాక ఏమీ చేయొద్దక్కా. కొంచేపు నీళ్లే తీసకపోతాయి” అనేది కోచ్.

ఆ ఊరుకోవడమే శానా కష్టమైంది. చేతులు నిలిచేవి కావు. మోకాళ్లు మరీ ముడిస్తే బలం రాదని నా తొడలే నాకు చెప్పాయి. ఒక ఆదివారం మాత్రం అడుగున నీలం పలకలు చప్పుడు లేకుండా వెనక్కి జరిగిపోతూ కనిపించాయి. తేలి చూస్తే, ఒక్క బారా వేయకుండానే, గోడకు ఐదు మీటర్ల దూరాన పూల్ పైన అడ్డంగా కట్టిన జెండాల తాడు దాటేశాను.

తర్వాత కర్నూలులో మా వయసు ఆడవాళ్లకు పోటీ పెట్టారు. నీళ్లలో తాళ్లు కట్టి విడదీసిన లేన్‌లలో, నా పక్కదాంట్లో ఒక కాలేజీ లెక్చరరు, మంచి పొడగరి. నీళ్ల మీద ఆమెదే వేగం. మధ్యలో ఆమె నన్ను దాటేది, గోడ దగ్గర నేను ఆమెను దాటేదాన్ని. చివరి మలుపులో తన్నిన తన్ను ఎంత తిన్నగా కుదిరిందంటే, నేను తేలేసరికి ఆమె నా నడుము దగ్గరే ఉంది. ఆ దూరం ఇక పూడలేదు. నేనే ముందు గోడ ముట్టుకున్నాను.

ఆమె రొప్పుతూ తాడు మీద వాలింది. “నా పక్కనే ఉంటిరి. గోడ కాడికి పోతూనే మాయమైతిరి. ఏం చేస్తాండారమ్మా ఆడ?”

“రండి, చూపిస్తా.”

తర్వాతి పోటీకి మైకులో పిలుస్తుంటే ఇద్దరం ఓ మూలకు జరిగాం. ఆమె పాదాలను చేత్తో పట్టి కొంచెం పైకి ఆనించాను. మొదటిసారి వంకరగా పోయి తాడుకు తగులుకుంది. రెండోసారి తిన్నగా జారింది. తేలి, వెనక్కి తిరిగి గోడను చూసి, అంత దూరం తానే వచ్చానా అన్నట్టు గట్టిగా నవ్వింది.