తిప్పన్న ఇంటి దూలాలు

కుందుర్పి చుట్టుపక్కల మట్టిమిద్దె కట్టాలంటే తిప్పన్ననే పిలిచేవాళ్లు. పైన చవుడు మట్టి ఎంత మందాన పరవాలో, చుక్క నీరు దిగకుండా ఎట్లా అణచాలో ఆయన చేతులకు తెలుసు. ఎంత మండుటెండలోనైనా ఆ మిద్దెల కింద కునుకు పట్టేది.

ఎనభైల్లో వరసగా వానలు ఎగ్గొట్టిన రోజుల్లో బెంగళూరు ఇంజనీరొకడు వచ్చి, సెలవుల్లో ఉండటానికి గుట్ట మీద కొత్త తరహా గది కట్టించాలని గీసుకున్నాడు. ఉత్తరాన గోడంతా అద్దం, పైన మాత్రం మట్టిమిద్దె. పట్నంలో అదే ఇప్పుడు ఫ్యాషనట. దానికి పాత వేప దూలాలే కావాలన్నాడు. ఇంట్లో గింజలు లేని తిప్పన్న తన మిద్దె తానే విప్పి దూలాలు అమ్మేశాడు. పైన రేకులు కప్పుకున్నాడు.

"మనం రేకుల కింద ఉడకాల, వాళ్లు మన దూలాల కింద పండుకోవాల్నా? నీకేమన్నా బుద్ధి ఉండాదా?" అని పెళ్లాం హనుమక్క తిట్టింది.

మరుసటి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ రేకుల కిందే ఆమె వడదెబ్బకు చచ్చిపోయింది.

దినాలు కాకముందే ఇంజనీరు కబురు పెట్టాడు. ఏటా వానలకు ముందు మిద్దెకు కొత్త చవుడు వేయాలి కదా, రాని వానలకైనా సరే. తిప్పన్న పొద్దంతా మట్టి మోసి, నీళ్లడగడానికి తలుపు తెరిచాడు. దూలానికి ఒకప్పుడు తమ ఇంట్లో హనుమక్క ఉయ్యాల కట్టిన ఇనుప కొక్కెం అట్లాగే ఉంది. దాని కింద చల్లని బండల మీద ఇంజనీరు కుక్క నిద్రపోతోంది.

"తలుపు ముయ్యి తిప్పన్నా," అన్నాడు ఇంజనీరు, కుక్క లేవకుండా మెల్లగా. "చల్లదనమంతా పోతుంది."