పై సీసా, కింది సీసా

“అవ్వా, నేను నిన్ను నీళ్లు ముంచి మూత పెట్టమని చెప్పినానా, వడకట్టమని చెప్పినానా?”

“మురికినీళ్లు ఒకరి చేతికిచ్చే ఇంట్లో పుట్టలేదమ్మా నేను. దారిన పొయ్యేవాడు అడిగినా మా ఇంట్లో వడకట్టే ఇస్తాము.”

“అవి తాగేదానికి కాదు గదవ్వా, ల్యాబుకి.”

“ల్యాబుకయితే మట్టుకు? పెండ్లిచూపులకి పిల్లను మొగం కడగకుండా కూర్చోబెడతారా ఎవరన్నా?”

ఆఫీసు నుంచి వచ్చిన కళ్లద్దాల పిల్ల చేతిలోని సీసాను మా అరుగు మీద పెట్టి, దాని పక్కనే కూర్చుని తల పట్టుకుంది. “ఇంగ అయిపోయినట్లే,” అంది మెల్లగా.

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం ఉండేది. లేత వయసు ఉద్యోగమనే చెప్పాలి. నాకు అరవై దాటినా, ఉద్యోగానికి మాత్రం నాలుగు నెలలే. బైరకూరు దారిలో మా ఊరి మలుపు దగ్గర లారీలు కడిగే షెడ్డు ఒకటుంది. వాన పడితే చాలు, షెడ్డులోని నూనె, రోడ్డు మీది డీజిలు, టైర్ల మసి అన్నీ కలిసి పక్క కాలువలో పడి, అక్కడి నుంచి నేరుగా మా కుంటలో చేరేవి. నీళ్ల మీద రంగురంగుల జిడ్డు తేలేది. మా ఆవులు రెండూ మూతి పెట్టి, చటుక్కున వెనక్కి తీసి, ఆ జిడ్డు నేనే పోసినట్లు నా వైపు చూసేవి. వేసవిలో మా వీధి ఆవులన్నింటికీ ఆ కుంటే దిక్కు. అప్పుడు ఏదో ఆఫీసు వాళ్లు వచ్చి, కాలువ పొడుగునా కంకర, ఇసుక, బొగ్గు పరచి, అక్కడక్కడ అడ్డంగా రాళ్లు పేర్చి, మధ్యలో వట్టివేరు గడ్డి నాటారు. నీళ్లు వాటి గుండా నిదానంగా పోతూ మురికిని అక్కడే వదిలేస్తాయట. వదులుతున్నాయో లేదో చూసేందుకు ఒక మనిషి కావలసి వచ్చింది. వాన పడిన ప్రతిసారీ షెడ్డు దగ్గర పై సీసా, కుంట దగ్గర కింది సీసా నింపి, కాలువలో పాతిన రంగుకర్ర మీద నీళ్లు ఎంతదాకా ఎక్కాయో రాసిపెట్టాలి. నేను చదివింది మూడో తరగతి. కానీ ఇల్లు కాలువ పక్కనే కాబట్టి నన్ను పెట్టుకున్నారు.

నాలుగు నెలల్లో మూడు వానలు పడ్డాయి (మా కోలారు సీమలో అది తక్కువేమీ కాదు). మూడుసార్లూ తలమీద గోనెసంచి కప్పుకుని పరుగెత్తాను. వాళ్లిచ్చిన రబ్బరు చేతితొడుగులు వాడితే చిరుగుతాయని పెట్టెలో దాచి, ఉత్తచేతులతోనే పట్టాను (అవి ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి). ఉట్టినే ముంచి మూత పెట్టమని ఆ పిల్ల రెండుసార్లు చెప్పింది, నిజమే. పల్లెటూరి ముసలమ్మకు అంతకన్నా ఏం చేతనవుతుందని అట్లా చెప్పిందని అనుకున్నాను. షెడ్డు దగ్గరి నీళ్లు కాటుకలా ఉండేవి. వాటిని బిందెలో పోసి, పటిక నాలుగు చుట్లు తిప్పి, పూటంతా తేరనిచ్చి, మా ఆయన పాత పంచెను నాలుగు మడతలు పెట్టి వడకట్టి, అప్పుడు పై సీసాలో పోశాను. కుంట దగ్గరి నీళ్లు ఎలాగూ తేటగానే ఉన్నాయి కదా, పటిక ఎందుకు దండగ అని కింది సీసాలో అట్లాగే పోశాను.

రిపోర్టు వచ్చింది. కాలువలోకి వచ్చే నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, ఆ రాళ్లూ గడ్డీ దాటేసరికి మురికి అవుతున్నాయి అని తేలింది. మూడుసార్లూ అదే తేలింది. అవన్నీ పెరికేసి, షెడ్డు నుంచి కుంట దాకా సిమెంటు కాలువ కట్టమని ఆ ఆఫీసు పెద్దసారు చెప్పేశాడు. తవ్వే మిషను రేపు పొద్దున్నే వస్తుందని ఆ పిల్ల చెప్పింది.

కళ్లద్దాల పిల్ల పెద్దసారుకు ఫోను చేసి, జరిగింది చెప్పి, ఫోను నా చేతికిచ్చింది. మా ఆయనతో కూడా ఏనాడూ అనని మాట ఆ రోజు అన్నాను. “సారూ, తప్పు నాది. గడ్డిది కాదు.”

“సరేనమ్మా. కానీ ల్యాబు కాగితం ఒకటి చెప్తా ఉంటే నీ మాట విని నేనేం రాసేది?”

“మా ఆవుల్ని చూడు సారూ. మూడు వానలాయె, మూతి వెనక్కి తీయలేదు.”

“ఆవు సంతకం పెట్టిన కాగితముంటే పంపీమ్మా.” ఏమనుకున్నాడో, “ఈపొద్దు వాన పడితే సరిగ్గా పట్టి పంపీండి, మిషన్ని నిలబెడతాను. లేదంటే గుత్తేదారు నా మాట కూడా వినడు,” అన్నాడు.

మధ్యాహ్నం నుంచి ఇద్దరం ఎండిన కాలువలో కాళ్లు వేలాడేసుకుని, చెరొక ఖాళీ సీసా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాం. మూడు గంటలకు ములబాగిలు కొండ మీద మబ్బు కమ్మింది. ఉరిమింది కూడా. నేను లేచి, కొంగు బిగించి, షెడ్డు దాకా పోయి నిలబడ్డాను. ఆ మబ్బు మమ్మల్ని ఒకసారి చూసి, పుంగనూరు వైపు వెళ్లిపోయింది. ఆ ఊళ్లో ఎవరూ సీసా పట్టుకుని కూర్చోలేదని నాకు గట్టి నమ్మకం.

తిరిగొచ్చి కూర్చుంటే, ఆ పిల్ల అడిగింది. “అవ్వా, ఆ పటిక యాడిది?”

“ఇంట్లోదే. నా దుడ్డుతో కొన్నదే.”

“పై సీసా నీళ్లు చానా బాగుండినాయి అవ్వా. ల్యాబులో వాళ్లే మెచ్చుకున్నారు.”

ఆ ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే. ఏడవాలనుకుని నవ్వాను, ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చింది. తర్వాత బస్సుకు వెళ్లిపోయింది, రెండు సీసాలూ నాకే వదిలేసి. గోనెసంచి కప్పుకుని, గొప్ప చదువుకున్నదానిలా కాలువ వెంట పరుగెత్తే ఆ ముసలమ్మ ఇప్పుడు గుర్తుకొస్తే, ఆపి నాలుగు తిట్టాలనిపిస్తుంది. కానీ పైట జారకుండా, నీళ్లు ఒలకకుండా ఎంత బాగా పరుగెత్తేదో.

మరుసటి రోజు పొద్దున ఏడు గంటలకు మిషను వచ్చింది. ఎనిమిదింటికల్లా రాళ్లు, బొగ్గు, వట్టివేరు అన్నీ ట్రాక్టరులో ఉన్నాయి. నేను ఆవుల్ని కుంటకు తోలలేదు. కొట్టం ముందే కట్టేసి, వీధి కొళాయి నుంచి నీళ్లు మోసి తొట్టిలో పోశాను. మూడో బిందె వంచుతూ చూసుకున్నాను, బిందె మూతికి నాలుగు మడతల పంచె కట్టి ఉంది.