హిందూపురంలో రెండు ముక్కలైన పెనుకొండ

మా మనవరాలు స్రవంతి బెంగళూరులో ఫోటోగ్రఫీ కోర్సు చదువుతోంది. రాత్రివేళ నగర దృశ్యం ఒకటి తీసి సోమవారం ఉదయానికల్లా ఇవ్వాలని వాళ్ళ మాస్టారు చెప్పారట. పెనుకొండ కొండెక్కి ఊరిని తీస్తానని ఇది అంటే, "అది నగరమెలా అవుతుంది? పల్లెటూరి వీధి దీపాలు నాకొద్దు" అన్నాడట ఆ పెద్దమనిషి. ఫోనులో ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. బెంగళూరు ఇంకా చిన్న కోటగా ఉన్న రోజుల్లోనే పెనుకొండ విజయనగర రాజులకు రాజధాని. హైస్కూల్లో ఏళ్ళ తరబడి చరిత్ర పాఠం చెప్పినదాన్ని, ఇది విని ఎలా ఊరుకుంటాను? "శనివారం ధర్మవరంలో మా ఇంటికి రా. నేనూ వస్తాను. ఆ ఊరే తీద్దువు" అన్నాను.

ధర్మవరంలో మధ్యాహ్నం రెండున్నరకు ప్యాసింజరు ఎక్కాము. టికెట్టు తలకు తొమ్మిది రూపాయలు, గంటకు పైగా ప్రయాణం. పెనుకొండ స్టేషను బయట ఆటో అతను కొండ దగ్గరికి నలభై అడిగాడు.

"బెంగళూరు దాకా తోల్తావా ఏమప్పా? ఇరవై ఐదు" అన్నాను.

"పొద్దు మునిగినాంక ఆడ ఎలుగ్గొడ్డు తిరుగుతాది అవ్వా. మళ్ళా మిమ్మల్ని తోలుకొచ్చేదానికి నేనే రావల్ల కదా. రానూపోనూ డెబ్బై ఇయ్యి."

ఆ మాటలో న్యాయం ఉంది కనుక ఒప్పుకున్నాను. డబ్బు మాత్రం తిరిగి వచ్చాకే ఇస్తానని చెప్పాను.

కొండ పైదాకా ఎక్కనక్కర లేదు. ముప్పావుగంట నడిస్తే పాత కోట బురుజు ఒకటి వస్తుంది. దాని పక్కన బండ చదునుగా ఉంటుంది. అక్కడి నుంచి ఊరు, హైవే, రైలు కట్ట అన్నీ కనిపిస్తాయి. చీకటి పడి దీపాలు వెలిగాయి. స్రవంతి కెమెరాను స్టాండుకు బిగిస్తూ ఉండగానే కరెంటు పోయింది. ఊరంతా మాయం. హైవే మీద లారీల వెలుగు తప్ప ఏమీ లేదు. రోజూ ఉండే కోతే, కానీ ఆ రోజు కూడానా! తెచ్చుకున్న చిత్రాన్నం తింటూ కూర్చున్నాము.

"రాదేమో అవ్వా, దిగిపోదామా?" అంది స్రవంతి.

"వస్తుంది. రాకపోతే పొద్దున్నే కరెంటు ఆఫీసుకు పోయి అడుగుతాను. కూర్చో."

ముప్పావుగంట తర్వాత వీధి వెనుక వీధిగా దీపాలు వచ్చాయి. ఈలోగా గాలి లేచింది. మూడు ఫోటోలకు స్టాండు ఊగింది. నాలుగోసారి నేనే వెళ్ళి గాలికి అడ్డంగా శాలువా చాపి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ధర్మవరం వైపు నుంచి రైలు వచ్చింది. స్రవంతి మీట నొక్కి పట్టుకుని మనసులో ముప్పై లెక్కపెట్టింది. రైలు కదిలినంత మేరా దాని వెలుగు ఒకే గీతగా ఫోటోలో పడుతుందట. మీట వదిలి, "పడిందవ్వా!" అని నన్ను కావలించుకుంది.

టార్చి వేసుకుని దిగేసరికి ఆటో అతను నవ్వుతున్నాడు. "ఎలుగ్గొడ్డు కనపడల్యా అవ్వా? నిన్ను చూసి అదే పారిపోయింటాది."

ధర్మవరంలో రీలు కడగడానికి ఇస్తే మూడు రోజులంటారు. హిందూపురం కలర్ ల్యాబులో అయితే రెండు గంటల్లో ఇస్తారు, బెంగళూరు రైలూ అక్కడే ఎక్కవచ్చు. అందుకని రాత్రి బస్సులోనే హిందూపురం చేరి, బస్టాండు దగ్గర నూట యాభైకి గది తీసుకున్నాము. ఆదివారం ల్యాబు తెరవగానే రీలు ఇచ్చి, చెప్పిన వేళకు వెళ్తే ల్యాబతను పలుచని కవరు ఒకటి చేతిలో పెట్టాడు. అందులో ప్రింట్లు లేవు.

"ఫోటోలేవప్పా?"

"ఏమీ పడలేదవ్వా. రీలంతా ఖాళీ ఉండాది. ప్రింటేస్తే మీ దుడ్లు దండగని ఏయలేదు. కడిగినదానికి ఇరవై ఇయ్యి, సాలు."

స్రవంతి కవరులోని నెగటివు ముక్కలను కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. నన్ను దగ్గరికి పిలిచి చూపించింది. సన్నని చుక్కలు చుక్కలుగా ఊరు కనిపిస్తోంది. రైలు గీత ముక్క చివరి దాకా వచ్చి తెగిపోయింది. మిగతా గీత ఇంకో ముక్కలో ఉంది. పగటి ఫోటోలైతే ఒకదానికీ ఇంకొకదానికీ నడుమ హద్దు తెలుస్తుంది. రాత్రి ఫోటోలో చుట్టూ చీకటే గనుక ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియదు. నాలుగేసి ఫోటోలకు ఒక ముక్క చొప్పున కత్తిరించడం వీళ్ళ అలవాటు. ఇతను అందాజుగా కత్తెర వేశాడు.

"ఖాళీ అని నీకెవరు చెప్పినారు? నీ కంటికి ఆననిదంతా ఖాళీనా?" అన్నాను. నా గొంతు వీధి దాకా వినిపించి ఉంటుంది.

"కోపం సేసుకోవద్దవ్వా. కొత్త రీలు ఊరికే ఇస్తా."

"రీలిస్తావు. నిన్నటి రైలునిస్తావా?"

రెండు ముక్కలనూ విడివిడిగా ప్రింటు వేయమన్నాను. గంటలో వేసి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. స్రవంతి వాటిని నల్ల అట్ట మీద పక్కపక్కన అంటించి, కళ్ళు తుడుచుకుని సాయంత్రం రైలెక్కింది.

సోమవారం ఫోను చేసింది. తెగిన ఫోటో చెల్లదన్నారట మాస్టారు. వారం గడువిచ్చి, బెంగళూరులోనే మంచి ఫ్లైఓవరు ఏదైనా చూసుకొమ్మని సలహా కూడా ఇచ్చారట. "నేను శనివారం వస్తానవ్వా, మళ్ళా కొండెక్కుదాం" అంది. ఆ వారంలో నేను విన్న మంచి మాట అదొక్కటే. రెండోసారి గాలి లేదు, కరెంటూ పోలేదు, కాని ఎంతసేపు చూసినా రైలు రాలేదు. ఊరు మాత్రం నిండుగా వచ్చింది. మాస్టారు తీసుకుని నూటికి యాభై ఎనిమిది వేశారు. తక్కువే వేశారు.

ఒకాయన పెనుకొండను చూడకుండానే అందులో ఏమీ లేదన్నాడు. ఇంకొకాయన నెగటివును చేతిలో పట్టుకుని చూసి మరీ ఏమీ లేదన్నాడు. ఇద్దరూ ఫోటోల పనితోనే అన్నం తినేవాళ్ళు. కొండెక్కి చూసినవాళ్ళకు తెలుస్తుంది, ఆ చుక్కల్లో ప్రతిదాని కిందా ఒక ఇల్లుంది, అక్కడ ఎవరో ఆ వేళకు అన్నం వడ్డించుకుంటున్నారు. దాన్ని ఖాళీ అంటే నాకు ఇప్పటికీ కోపమే.

మీరూ రీలు కెమెరాతో రాత్రి ఫోటోలకు వెళ్తుంటే, మొదటి ఫోటో పట్టపగలు తీయండి. ల్యాబువాళ్ళు దాని హద్దు చూసుకుని మిగతావి కొలుచుకుంటారు. కవరు మీద 'కత్తిరించవద్దు' అని రాయండి. రాసి ఊరుకోకుండా, రీలు బయటికి వచ్చేటప్పుడు కత్తెర పక్కనే నిలబడండి. రెండోసారి నేను నిలబడ్డాను.