అక్క ఏడ్చిన నవల

మొన్న పొద్దున మా బావగారు సిద్దిపేట నుంచి తొగుటకు వచ్చిండు. చెప్పులు విడవకుండనే వాకిట్ల నిలబడి, "మీ అక్క పోయిందమ్మా. ఉత్త జ్వరమే అనుకున్నం. దవాఖానకు తోలుకపోయేలోపే అయిపోయింది" అన్నడు. ఆయన భార్య నాకు తోబుట్టువు కాదు, తోటికోడలు. గని సిద్దిపేటల ఆ ఇంట్ల అడుగుపెట్టిన నాటి నుంచి అక్క అనే పిలిచిన.

ఆమె గురించి మంచి మాటలు రాద్దామని కూసుంటే, ముందుగాల గుర్తుకొస్తున్నది నా కుళ్లే.

అక్క తండ్రి పంతులు. అందుకని ఆమెకు చదువొచ్చు. నాకప్పటికి ఒక్క అక్షరం రాదు. యుద్ధం రోజులాయె, కిరసనాయిలు దొరకకపోయేది. అందుకే వంటలైనంక పగటిపూటనే, వెనుక అర్రల కిటికీ కింద కూసోని చదువుకునేది. ఒకనాడు ఆమె ఒడిల లావుపాటి నవల ఉన్నది. కండ్లల్ల నుంచి నీళ్లు కారుతున్నయి, తుడుచుకుంటలేదు. నాకు భయమైంది.

"ఏమైందక్కా? పుట్టింటి నుంచి ఏమన్న కబురొచ్చిందా?"

"ఏం లేదే. ఈమె కొడుకు పెండ్లయితున్నది" అన్నది, పుస్తకం మీద చెయ్యి పెట్టి.

పెండ్లికి ఏడుసుడేంది? ఇదీ కథ అని చెప్పింది. తిననీకి లేక ఒక తల్లి తన కొడుకును ఉన్నోళ్లకు సాదుకొమ్మని ఇస్తది. ఏండ్లకు ఆ పిల్లగాని పెండ్లికి పరాయిదాని లెక్క వచ్చి, బంతిల కూసోని అన్నం తిని, ఎవ్వరికి చెప్పకుంట ఎల్లిపోతది. విన్న. కథ తెలిసింది గని ఏడుపు రాలే. ఆ దినమంత అక్క మా నడుమనే తిరిగింది, మాతోని మాత్రం లేదు. ఆ కాయితాలల్ల ఉన్న ఆడమనిషి మీద సవతి మీద వచ్చినంత కోపమొచ్చింది. అక్క మీద ఇంకింత ఎక్కువ. నాకు అందని దుఃఖం ఆమెకెట్ల అందింది?

"నాకు చదివి వినిపియ్యి" అన్న.

"వినిపియ్య. నేర్పిస్త. నా ఏడుపు నీకెందుకు? నీది నువ్వు ఏడువు."

బొగ్గు ముక్కతోని బండ మీద అక్షరాలు దిద్దించింది. మా అత్తమ్మ గొణిగింది: "ఒక కోడలు చాలదని రెండోది సుత పుస్తకం పడితే, జొన్నలెవరు విసురుతరు?"

"దాని వంతు సుత నేనే విసురుత అత్తమ్మా" అన్నది అక్క. అన్నట్టే విసిరింది. ఇయ్యాల నేనీ నాలుగు ముక్కలు రాస్తున్ననంటే ఆ రెక్కల కష్టమే.

చదువుడు వచ్చినంక ఆ నవల నా చేతికిచ్చి, ఆమె ఇసుర్రాయి ముందు కూసున్నది. పెండ్లి బంతి దాక నేను పోనేలేదు. సాదుకునేటోళ్ల బండి వాకిట్ల ఆగి ఉన్నది. తల్లి పిల్లగానికి తల దువ్వుతున్నది. పాపిట కుదరలేదని చెరిపి, మళ్ల దువ్వుతున్నది. నాకు అక్షరాలు కనబడలే.

"గీడనా?" అన్నది అక్క. "నేను గీడ ఏడువలే గదనే." ఇసుర్రాయిల ఇంకో పిడికెడు జొన్నలు పోసింది. "నీ మీద నాకు కుళ్లయితున్నది. నీకిది మొదటిసారి. నాకింక మొదటిసారి లేదు."

అక్కకు నా మీద కుళ్లు! ఏడ్చుకుంటనే నవ్విన. గిప్పుడు నాకు సుత ఆ కుళ్లే, ఆ నవల ఇంకా చదవనోళ్లందరి మీద.

"ఆగకు, చదువు" అన్నది. చదివిన. విసురుడు చప్పుడు బందయింది. తలెత్తి చూస్తే, కనుబొమ్మల నిండ జొన్నపిండితోని, కొయ్య మీద చెయ్యి ఆపి, నా మొఖం దిక్కే చూస్తున్నది, మళ్ల ఏడ ఏడుస్తనో అని.