భాగ్య చదివిన మాట

కరోనా తరువాత బడులు మళ్ళీ తెరిచిన ఏడాది నన్ను కర్ణాటకలోని చింతామణి నుంచి గుడిబండె తాలూకాకు సి.ఆర్.పి.గా వేశారు. చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలు తిరిగి, పిల్లలు చదవగలుగుతున్నారో లేదో చూసి తాలూకా విద్యాధికారి (బి.ఇ.ఓ.) కార్యాలయానికి నివేదించడం ఆ ఉద్యోగం. హోదా ఉపాధ్యాయులది, తిరుగుడు అధికారులది.

ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం నడిచే ఒక ఊరి బడి వాకిట్లో నారాయణప్ప అనే గొర్రెల కాపరి నన్ను ఆపాడు. ఆయన కూతురు భాగ్య రెండో తరగతి.

"పాప బుర్రలో ఏదో లోపం ఉండాదని మేష్ట్రు చెప్పినారమ్మా. బడి మానిపించి గొర్రెలకాడికి పిల్చకపోదామనుకుంటాండాను."

మాష్టరు మైసూరు వైపు నుంచి కొత్తగా బదిలీపై వచ్చారు. తెలుగు నాలుగు ముక్కలకు మించి రాదు. పుస్తకంలో ఒకటి ఉంటే పిల్ల నోటికొచ్చింది చెబుతోందని ఆయన కన్నడంలో వివరించారు.

భాగ్యను పక్కన కూర్చోబెట్టుకున్నాను. కన్నడ వాచకంలో పిల్లి బొమ్మ కింద 'బెక్కు' అని ఉంది. "పిల్లి" అంది. బొమ్మ చూసి చెబుతోందేమోనని, 'హసు' అని ఉన్నచోట బొమ్మను చేత్తో మూశాను. పిల్ల అక్షరాల మీద వేలు పెట్టి, పెదవులు కదిపి, "ఆవు" అంది. హసువంటే ఆవే. భాగ్య చదివినదానికి తెలుగు చెబుతోందని తరగతిలో తక్కిన పిల్లలకు తెలుసు. వాళ్ళను ఎవరూ అడగలేదు.

పుట్టుకతో మెదడులో చదువుకోసం వేరే చోటు ఉండదని మాకు శిక్షణలో చెప్పారు. ముఖాలను, వస్తువులను గుర్తుపట్టే భాగంలో కొంత అక్షరాలకు అలవాటు పడుతుంది. అక్కడినుంచి శబ్దానికి ఒక దారి, అర్థానికి ఒక దారి పడాలి. భోజనం తరువాతి తరగతి కావడంతో దాన్ని విన్నవాళ్ళం కొద్దిమందిమే.

భాగ్యకు అర్థం దారి పడినట్టే ఉంది. శబ్దం దారి సరిచూడడానికి పలక మీద కన్నడ అక్షరాల్లో 'టపిలు' అని రాశాను. ఏ భాషలోనూ నాకు తెలిసి దానికి అర్థం లేదు. భాగ్య స్పష్టంగా చదివి నా మొహంలోకి చూసింది.

"అట్లంటే ఏమి మేడం?"

"ఏమీ లేదు. ఊరికే రాసినా."

"ఏమీ లేకుంటే ఎందుకు రాసినారు?"

పలక తుడిచి ఆమె చేతికే ఇచ్చాను.

ముందు రాసి ఉన్నది పలికించి, తరువాత అర్థం అడగమని మాష్టరుకు చెప్పాను. ఆయన భాగ్య చేత 'హసు' పలికించి చూశారు; సరిగ్గా పలికింది. ఆపైన వాకిట్లోకి వెళ్ళి, వచ్చీరాని తెలుగులో తన మాట తానే వెనక్కి తీసుకున్నారు. నారాయణప్ప అంతా విని, "అయితే గొర్రెలెనక నేనే పోవల్ల" అని వెళ్ళిపోయాడు.

ఆ తరువాత నా తనిఖీ పద్ధతి ఒకటి మారింది. రిటైరయ్యేవరకు, పిల్లలు తప్పు చదివారని రాసేముందు, వాళ్ళు చెప్పింది ఇంటి భాషలో ఒప్పవుతుందేమో చూసేదాన్ని. చాలాసార్లు అయ్యేది.