పేరు మారినా అదే గది

సముద్రంలో చేపల వేటకు నిషేధం వచ్చిందంటే మా ఇల్లు ఇరుకవుతుంది. మా ఆయన బోటు నడిపే సరంగు. ఏడాదంతా సముద్రం మీద వినిపించే గొంతు ఆ వేసవి రోజుల్లో మల్కాపురంలో మా రెండు గదుల ఇంట్లో వినిపిస్తుంది. పొద్దున్నే జెట్టీకి వెళ్లి, బోటు అడుగున పట్టిన గుల్లలు గీకించి, రంగు వేయించి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి నా కూరలో ఉప్పు గురించి మాట్లాడతాడు. నేను పూర్ణా మార్కెట్‌లో ఎండు చేపలు అమ్ముతాను. పచ్చి చేప దొరకని ఆ రోజుల్లో నాకు బేరం ఎక్కువ, ఓపిక తక్కువ.

ఈసారి ఆ రోజుల్లోనే మా అమ్మాయికీ ఒక పెద్ద పని పడింది. అది కూడా బోట్లు ఒడ్డున ఉన్నప్పుడే చెయ్యాల్సిన పని.

తను పనిచేసే చిన్న కంపెనీ వాళ్లు బోట్లకు ఒక డబ్బా బిగిస్తారు. బోటు ఎక్కడుందో ఆ డబ్బా చెబుతూ ఉంటుంది. ఒడ్డున మా ఫోన్లలో అది పచ్చటి చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క రాకముందు సంగతి నాకు బాగా గుర్తు. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు మేం ఆడవాళ్లం జెట్టీ మీద నిలబడేవాళ్లం. వచ్చిన ప్రతి బోటునీ మావాళ్లు కనిపించారా అని అడిగేవాళ్లం. కనిపించారన్నవాళ్లూ సరిగ్గా చెప్పలేరు, కనిపించలేదన్నవాళ్లు మా మొహం చూడరు. చుక్క వచ్చాక నేను జెట్టీకి వెళ్లడం మానేశాను. బేరం మధ్యలో ఫోను తీసి చూసుకుంటాను, చుక్క కదిలితే తక్కెడ పట్టుకుంటాను.

ఆ చుక్కల లెక్కంతా ఎక్కడుంటుందని ఒకసారి అడిగాను. క్లౌడ్‌లో అంది. మా అమ్మాయి చెప్పిన తీరులో అది నాకు ఇలా అర్థమైంది. కోల్డ్ స్టోరేజీలో చేపల వ్యాపారులు గదులు అద్దెకు తీసుకుంటారు కదా, అలాగే వీళ్లు ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో గదులు అద్దెకు తీసుకున్నారు. ఏ గది కావాలో, దానికి ఏ తలుపో, తాళం ఎవరి దగ్గరో అంతా కోడ్‌లో రాసిపెడతారు. ఆ రాత చదివి గదులు సిద్ధం చేసే యంత్రం ఒకటుంది. రాతలో ఉన్న గది లేకపోతే కడుతుంది. గది ఉండి రాతలో లేకపోతే కూల్చేస్తుంది. దానికి రాతే ప్రమాణం.

ఆ రాతను ఇన్నేళ్లలో ఎంతోమంది రాశారు, మానేసి వెళ్లిపోయారు. ఎవరి ముక్క వాళ్లు అతికించుకుంటూ పోయారట. ముట్టుకుంటే ఏది ఊడుతుందోనని ఎవరూ ముట్టుకోలేదు. నిషేధం అయిపోయి బోట్లు నీళ్లలోకి దిగేలోపు దాన్నంతా శుభ్రంగా తిరగరాయాలి. గదులు మారకూడదు, రాత మాత్రమే మారాలి. ఆ పని మా అమ్మాయికి అప్పగించి, సాయానికి కోడ్ రాసే ఏఐని ఇచ్చారు.

మా ఆయనకు అది నచ్చింది. తన కింద పనిచేసే కలాసీల్లాగే అదీ ఒక కలాసీ అనుకున్నాడు.

"ఏటమ్మా, నీ కొత్త కలాసీ ఏటి సేత్తన్నాడు?" అనేవాడు అన్నం ముందు కూర్చుని.

"పని సేత్తన్నాడు నాన్నా. నీ కలాసీల్లాగ బీడీ కోసం పక్కకెల్లడు."

"కూడు తినడు, జీతం అడగడు. అలాటోడిని నమ్మకూడదే."

"మరి నువ్వూ ఇంట్లో జీతం అడగవు కదా" అని నేను అన్నాను. ఆ పూట ఆయన ఉప్పు సంగతి ఎత్తలేదు.

నిజంగానే అది పని చేసింది. ఏళ్ల తరబడి ఎవరూ విప్పని ముడులు అది విప్పుతుంటే మా అమ్మాయి మొహం వెలిగేది. ఒకే మాట పదిచోట్ల రాసి ఉంటే ఒక్కచోటికి చేర్చిందట. ఏ గది ఎందుకో తెలిసేలా పేర్లు పెట్టిందట. పని పూర్తయ్యాక, "అంతా మునుపటిలాగే ఉంది, అమరిక మాత్రమే మారింది" అని చివర నాలుగు ముక్కలు రాసి పెట్టింది. ఆఫీసులో తనపై ఉన్న మేడమ్ అది చదివి ఫోన్ చేసింది. ఫోను స్పీకర్‌లో ఉంది, నేను వింటున్నాను.

"చాలా బాగుంది. ఇంకెందుకు ఆగడం, ఇవాళే నడిపించెయ్. బోట్లు దిగడానికి ఇంకెన్నో రోజులు లేవు."

"ఒక్క పూట ఇవ్వండి మేడమ్. ఒకసారి చదువుకుంటాను."

"చదివావుగా."

"నోటితో చదవలేదు మేడమ్."

అవతల నవ్వు వినిపించింది. "సరే, సాయంత్రానికి చెప్పు" అంది ఆవిడ.

నోటితో చదవడం ఎక్కడిదో చెప్పాలి. నాకు అక్షరాలు వచ్చింది ఆలస్యంగా. మా వార్డులో పెద్దవాళ్లకు పెట్టిన బడిలో మొదలుపెట్టి, ఇంట్లో మా అమ్మాయి దగ్గర పూర్తిచేశాను. నాకొక దురలవాటు ఉండేది. పొడుగాటి మాట కనిపిస్తే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేసేదాన్ని. అలాగే ఒకసారి గాజువాక బస్సనుకుని ఎక్కి గోపాలపట్నంలో దిగాను. అప్పటినుంచి మా అమ్మాయి ఒక పద్ధతి పెట్టింది. కళ్లతో చదవకూడదు, నోటితో చదవాలి, మాట కింద వేలుండాలి. తను పక్కన కూర్చుని, చిన్నప్పుడు తనకు నేను కథ చెబుతుంటే ఊఁ కొట్టినట్టే ఊఁ కొట్టేది. ఆ ఊఁ వినపడితే తప్ప నేను తరవాతి వాక్యానికి వెళ్లకూడదు. నాకు చదువు కుదిరాక ఆ పద్ధతి తనకే పట్టుకుంది. ముఖ్యమైనది ఏది చూసుకోవాలన్నా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది.

ఆ మధ్యాహ్నం కూడా అలాగే పిలిచింది. నేను ఎండు నెత్తళ్ల చేపల్లో ఇసుక ఏరుతున్నాను. చేట పట్టుకుని వెళ్లి కూర్చున్నాను.

"నాకు ఇంగ్లీషు ఏటి తెలుత్తాది?" అన్నాను.

"తెలియక్కర్లేదు. ఊఁ కొట్టు సాలు. నువ్వు ఊఁ కొట్టకపోతే నాను కళ్లతో దాటేత్తాను."

గదుల యంత్రం పని మొదలుపెట్టే ముందు, ఇదిగో ఇవి చెయ్యబోతున్నాను అని మొత్తం చూపిస్తుందట. ఆ జాబితా చాలా పొడుగు. మా అమ్మాయి తెర మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, నాకోసం ఒక ముక్క తెలుగులో చెబుతుంది. ఈ తలుపు అలాగే ఉంటాది. ఊఁ. ఈ తాళం అలాగే ఉంటాది. ఊఁ. ఎంతకీ అవే మాటలు. నెత్తళ్లు సగం అయ్యాయి. మా ఆయన గుమ్మంలో నిలబడి, "పురాణం ఎక్కడిదాకా వచ్చినాది?" అని అడిగి, వెళ్లి మంచం మీద పడుకున్నాడు.

కాసేపటికి నేను ఊఁ అన్నాను. తరవాతి వాక్యం రాలేదు.

తలెత్తి చూశాను. మా అమ్మాయి వేలు తెర మీదే ఉంది.

"ఏటయ్యింది?"

"దీన్ని కూల్చీసి మళ్లీ కొత్తది కడతానంటంది అమ్మా."

"దేన్ని?"

"బోట్ల గది. ఏ డబ్బా ఏ బోటుదో రాసున్న గది."

అది నాకు వెంటనే అర్థమైంది. ఆ గది పోతే సముద్రం మీద డబ్బాలు అరుస్తూనే ఉంటాయి, ఏ అరుపు ఎవరిదో ఒడ్డున ఎవరికీ తెలియదు. నకలు లేదా అని అడిగాను. ఉందట. కానీ దాన్ని ఇంతవరకు ఎవరూ తెరిచి చూడలేదట, తెరుచుకుంటుందో లేదో తెలియదట. చేట కింద పెట్టేశాను. మా ఆయన ఒక కన్ను తెరిచి మమ్మల్నే చూస్తున్నాడు.

"మరి గదులు మారవని సెప్పినాడు కదేటి నీ కలాసీ?" అన్నాడు.

"గది మార్సలేదు నాన్నా. గది పేరు మార్సినాడు."

పేరు మారిస్తే కూల్చడమెందుకో నాకు తట్టలేదు. మా అమ్మాయి నా వైపు తిరిగింది.

"నీ పేరు మారింది గుర్తుందా?"

గుర్తులేకపోవడమేమిటి. మా అత్తగారిదీ నాదీ ఒకే పేరు. కోడల్ని పిలిస్తే అత్తను పిలిచినట్టు ఉంటుందని, పెళ్లయి వచ్చిన వారంలోనే నాకు వేరే పేరు పెట్టారు. మావాళ్లలో అది మామూలే. ఆ కొత్త పేరుతోనే పిలిపించుకున్నాను, పిల్లను కన్నాను, చేపలు అమ్మాను. తరవాతెప్పుడో ఒక కాగితం పని మీద వెళితే, పాత పేరు గలావిడ ఈ ఇంట్లో లేరు, మీరు వేరే మనిషి అన్నారు. మా వీధిలో పెద్దావిడ ఒకామె నా వెంట వచ్చి, ఆమే ఈమె అని నిలబడి చెబితే గాని పని జరగలేదు. అప్పుడు మా అమ్మాయి నా కొంగు పట్టుకుని పక్కనే ఉంది.

"అలాగే ఇదీని. యంత్రం పాత పేరు కోసం ఎతికింది, లేదు. పోయిందనుకుంది. కొత్త పేరు సూసింది, కొత్తది కట్టాలనుకుంది. ఆ గదే ఈ గది అని ఎవులో ఒకులు సెప్పాలి కదా. అది కలాసీ రాయలేదు. రాయమని నానూ సెప్పలేదు."

"అయితే ఇప్పుడు సెప్పు."

"సెప్తన్నాను" అని టైప్ చేసింది. ఆ జవాబు కూడా నోటితోనే చదివింది. మీరు చెప్పింది నిజమే, పాత పేరుకూ కొత్త పేరుకూ మధ్య సంబంధం రాయలేదు, అందువల్ల బోట్ల సమాచారం పోయేది, ఇప్పుడు రాస్తున్నాను అని ఉంది.

"తప్పు ఒప్పుకున్నాడు. మంచోడే" అన్నాడు మా ఆయన మంచం మీదనుంచి.

"మంచోడే. సుక్కాని మాత్రం ఆడి సేతికి ఇవ్వకూడదు" అంది మా అమ్మాయి.

పేరు మారిన ప్రతిదానికీ, ఆ గదే ఈ గది అని ఒక్కో ముక్క రాసింది ఏఐ. మళ్లీ యంత్రం చేత జాబితా చెప్పించి, మా అమ్మాయి మొదటినుంచీ చదివింది. నేను మొదటినుంచీ ఊఁ కొట్టాను. ఈసారి బోట్ల గది దగ్గరికి వచ్చేసరికి మా ఆయన కూడా లేచి కూర్చున్నాడు. ఆ గది పేరు మారుతుంది, గది అలాగే ఉంటుంది. ఊఁ అన్నాను, నాతోపాటు ఆయనా అన్నాడు. జాబితా అడుగుకు వచ్చాక మా అమ్మాయి వేలు ఒకచోట ఆపి, "ఇది నువ్వు సదువు" అంది. కూల్చేవి ఎన్ని అని యంత్రం అక్కడ చెబుతుందట. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు నాకు వచ్చు.

"సున్నా" అన్నాను.

మా అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. చేతులు తీస్తే నవ్వుతోంది. "ఆకలేత్తంది అమ్మా" అంది. పొద్దున్న వండినది అలాగే ఉంది. నెత్తళ్ల వేపుడు చేసి పెట్టాను. తింటూనే మేడమ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆవిడ అంతా విని, "మీ అమ్మగారికి ఇంకో మధ్యాహ్నం ఖాళీ ఉందా? మిగతా వాటికి కూడా ఊఁ కొట్టించాలి" అంది.

"ఖాళీ ఉంటే రేటుంటాదని సెప్పు" అన్నాను. అందరం నవ్వాం. ఆ సాయంత్రం కొత్త రాత నడిచింది. ఏ గదీ కదల్లేదు.

నిషేధం ఎత్తేసిన తెల్లవారుజామున జెట్టీలో పూజలు చేసి, కొబ్బరికాయలు కొట్టి బోట్లు దిగాయి. మా బోటుకు ఈసారి నీలం తీసేసి ఎరుపు వేయించాడు మా ఆయన. నంబరు మాత్రం పాతదే, తనే దగ్గరుండి తెల్లరంగుతో దిద్దించాడు. నేను జెట్టీకి వెళ్లలేదు. మార్కెట్‌కి తట్ట సర్దుకుంటూ ఫోను గోడకు ఆనించి పెట్టుకున్నాను. మొదట ఏమీ కనిపించలేదు. మా అమ్మాయి పళ్లు తోముకుంటూ వచ్చి నా భుజం మీదనుంచి చూసింది. తరవాత ఒక్కో చుక్కా లేచింది. హార్బరు నోటిదగ్గర గుంపుగా ఉండి, యారాడ కొండ దాటాక విడిపోయాయి.

ఒక చుక్క మీద వేలు పెట్టాను. పక్కన నంబరు వచ్చింది. ఊహించకుండా, ఒక్కో అంకె చొప్పున చివరిదాకా నోటితో చదివాను. మా ఆయన తెల్లరంగుతో దిద్దించిన నంబరే.

"ఊఁ" అంది మా అమ్మాయి.

తట్ట నెత్తికెత్తుకున్నాను.